ఎనిమిదో తాడు

నర్సయ్య పంతులుగారు సూర్యాపేట పత్తి గోదాములో, చేతిలో తాడు ఉండగానే కన్నుమూశారు. జడకోలాటం సగంలో ఉంది. దూలానికి కట్టిన ఎనిమిది రంగుతాళ్ళు, ఎనిమిది మంది అడుగులతో, పైనుంచి మూరెడు మేర జడగా అల్లుకున్నాయి. ఆ రోజు రాని ఒకరికి బదులు పంతులుగారే ఎనిమిదో తాడు అందుకున్నారు. కొన్ని చుట్లు తిరిగి, ఆగి, మెల్లగా నేలమీద కూర్చున్నారు. అలసిపోయారనుకున్నారు అందరూ. దవాఖాన నుంచి డాక్టరు వచ్చేసరికి చేయవలసిందేమీ మిగలలేదు.

"తాళ్ళు ఇడువకుండ్రి" అన్నదట సైదమ్మ. పుట్టుకతో చూపు లేని ఆమె పంతులుగారి తొలి శిష్యులలో ఒకతె. ఏడుగురూ తమ తాళ్ళను దగ్గరి స్తంభాలకు కట్టారు. పంతులుగారి వేళ్ళ మధ్య నుంచి ఎనిమిదోదాన్ని తీసి కిటికీ ఊచకు ముడివేశారు. ఆ తర్వాతే ఏడ్చారు.

నాకు ఈ సంగతి మరునాడు కోదాడ బస్సుల అడ్డాలో తెలిసింది. ఎందరో పెద్దల మరణవార్తలు నాలుగేసి వాక్యాల్లో రాసి పత్రికకు పంపినవాణ్ణి. ఈయన గురించి మొదటి వాక్యం రాయడానికే నాకు మూడు రోజులు పట్టింది.

పంతులుగారిది చిలుకూరు. కులవృత్తి నేత. నడివయసులో మగ్గం కొడుకులకు అప్పగించి, కోలలు చేతపట్టి బయలుదేరారు. నెలలో పది రోజులు సూర్యాపేట, పది రోజులు కోదాడ, తక్కినవి మిర్యాలగూడ. పొద్దుగూకే వేళ గోదాములోనో, బడి వరండాలోనో కోలల చప్పుడు వినపడితే పంతులుగారు ఊళ్ళో ఉన్నట్టు లెక్క. కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళు, బడిపంతుళ్ళు, కచ్చేరీ గుమాస్తాలు, మనుమలతో వచ్చే అవ్వలు, అందరూ ఒకే వలయంలో నిలబడేవారు. పాట వచ్చా, తాళం తెలుసా అని ఆయన ఎవరినీ అడగలేదు. "రేపు గూడ వస్తవా?" అని మాత్రం అడిగేవారు.

కోదాడలో ఏసోబు అనే, ఇళ్ళు కట్టే సుతారి మేస్త్రీకి ఒక కాలు పొట్టి. చూడడానికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పంతులుగారు రమ్మన్నారు.

"నేనెక్కడ ఆడతానండీ? నడిస్తేనే నవ్వుతారు."

"నవ్వనియ్యి. జర ఆ గోడ దాక నడువు, సూస్త."

ఏసోబు నడిచాడు. ఒకటి నిడుపు, ఒకటి పొట్టి. పంతులుగారు ఆ నడకకు చప్పట్లు వేస్తూ వేస్తూ వలయం వైపు తిరిగి, "ఇగ అందరు గిట్లనే నడువుండ్రి" అన్నారు. అది ఏసోబు అడుగైంది. మిర్యాలగూడలో అతణ్ణి ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఇప్పుడు ఆ అడుగు వేస్తున్నారు. ఈ గతి ఏ శాస్త్రంలోదండీ అని ఒక గుమాస్తా నన్ను ఎంతో గౌరవంగా అడిగాడు.

సైదమ్మకు ఆయన చేసిన ఉపాయం వేరు. ఎదుటివాళ్ళను ఢీకొంటానని ఆమె భయపడితే, ఒక్కొక్కరికి ఒక్కో రకం కర్రతో కోలలు చేయించారు. ఒకరికి వెదురు, నాకు తుమ్మ, పంతులుగారికి వేప. "ఎవలు ఏడున్నరో నీకే ముందుగాల తెలుస్తది బిడ్డా. కండ్లున్నోళ్ళకు ఎదుటోడే కనపడుతడు" అన్నారు. అప్పటినుంచి సైదమ్మ మమ్మల్ని కోలల పేర్లతోనే పిలిచేది. ఆలస్యంగా వచ్చే నన్ను, "తుమ్మకోల ఇయ్యాల గూడ పండుకొనే ఉన్నదా?" అని అడిగేది.

మొన్నటి గొడవల రెండు మూడేళ్ళు ఈ తాలూకాల్లో నలుగురు ఒకచోట చేరితే అనుమానంగా చూసే కాలం. ఒక సాయంత్రం పోలీసు అమీను గోదాములోకి వచ్చాడు.

"ఇన్ని లాఠీలు ఎందుకు జమ చేసినవ్ పంతులూ?"

"లాఠీలు గావు సాబ్, కోలలు. కొట్టేతందుకు పనికిరావు. ఎదుటోడు గూడ పట్టుకుంటేనే సప్పుడైతది. ఒక జత పట్టి సూడుండ్రి."

అమీను పట్టాడు. మూడుసార్లు తప్పాడు. నవ్వు ఆపుకోవడం మాకు చాలా కష్టమైంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంట్ల మా అమ్మ ఉన్నది. మోకాళ్ళు పరేషాన్ చేస్తయ్" అన్నాడు. "కూసోని ఏస్తది సాబ్, తోలియ్యుండ్రి" అన్నారు పంతులుగారు. ఆమె వచ్చింది.

ఆయనకు ఒక్క పట్టింపు ఉండేది. కాళ్ళతో అల్లిన జడను కాళ్ళతోనే విప్పాలి. ఒక చేత తాడు, మరో చేత కోల పట్టి ఎదుటివాళ్ళను ఒకసారి వలయం లోపలినుంచి, ఒకసారి బయటినుంచి దాటుతూ ఎవరు ఏ దారిన వచ్చారో, అదే దారిన వెనక్కి నడవాలి. ఒక్కరు తప్పినా అంతా చిక్కుపడుతుంది. చిక్కుపడినప్పుడు తప్పు ఎవరిదని పంతులుగారు అడగడం నేను వినలేదు. "ఎన్ని అడుగులు ఎనుకకు పోవాలె?" అనేవారు. అందరూ కలిసి వెనక్కి నడిచేవారు. పాత జడ విప్పనిదే కొత్తది మొదలుపెట్టనిచ్చేవారు కాదు.

పదోరోజు కర్మ అయ్యాక గోదాములో కలుసుకున్నాం. "పత్తిబండ్లు వచ్చేదాక ఆగుత. తర్వాత నాకు జాగ గావాలె. కత్తెర పెడితే నిమిషం పని" అన్నాడు యజమాని. మంచివాడే.

"పెట్టు సేటూ. మూడూళ్ళ ఆట ఈన్నే ఖతం అయితది" అన్నది సైదమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "తుమ్మకోల సారూ, ఆ తాడు మీది. మీరే పట్టాలె."

ఆ రోజు రానిది నేనే. ఒక అధికారి పర్యటన గురించి రాయడానికి కోదాడ వెళ్ళాను. ఆ వార్త ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

"ఆయన ఎక్కడ ఆగారో నేను చూడలేదు సైదమ్మా."

"సూసినోళ్ళే ఒక మాట మీద లేరు. ముగ్గురేమో లోపలికి పోయిండంటరు, ముగ్గురేమో బయటికి వచ్చిండంటరు. నేను ఇన్న. వేపకోల ఆఖరి సప్పుడు నా ఎడమదిక్కు అయ్యింది. లోపలికి పోయిండు, మల్ల రాలే. ఆడినుంచి మీరు రావాలె."

పంతులుగారి చోట నిలబడగలిగేవారు ఈ మూడు ఊళ్ళలో లేరు. ఈ మాట ఆయన ఒప్పుకునేవారు కాదనీ తెలుసు. కుంటివాడి నడకను ఆటగా మార్చి, చూపులేని ఆమె చెవిని వలయానికి దారిగా చేసిన మనిషికి చేతులెత్తి మొక్కడం సులభం. ఆ చేతుల్లో ఒకదానితో తాడు పట్టుకోవడమే కష్టంగా ఉంది.

వచ్చే బేస్తవారం అందరినీ రమ్మని సైదమ్మ చెప్పింది. పత్తిబండ్లు కూడా ఆ వారంలోనే రావచ్చునంటున్నారు. మూరెడు జడ దూలానికి వేలాడుతోంది. ఏడు తాళ్ళు స్తంభాలకున్నాయి. ఎనిమిదోది ఇంకా కిటికీ ఊచకే ఉంది.