ఆదివారానికి మార్చిన మ్యాచ్

"ఆ రెండు పరుగులూ నేను వచ్చి కూర్చున్నాకే వచ్చాయి వదినగారూ! కావాలంటే సింధును అడగండి."

"మీరు రాకముందు గంటసేపు ఇక్కడ కూర్చున్నది ఎవరు? ఎండకు మాడింది ఎవరు? నేను పొయ్యి వెలిగించి, ఉడికించి, దించితే, మీరొచ్చి మూత తీసి నా వంట అంటారా?"

"వంట మాట ఎందుకండీ? నేను రాగానే బ్యాటు తగిలిందా లేదా?"

"మీరు రాగానే నా చీర మీద మీ కాఫీ కూడా ఒలికింది. అదీ మీ పాదం మహిమేనా?"

ఇద్దరి వయసూ కలిపితే నూట ముప్ఫై దాటే మేము, బేస్‌బాల్ గ్రౌండులో బల్ల మీద కూర్చుని ఇలా కాట్లాడుకుంటుంటే, ముందు వరుసలో ఉన్న దొరసాని భయపడి పిల్లవాణ్ణి ఎత్తుకుని అవతలికి జరిగింది. గొడవ అక్కడితో ఆగినా బాగుండేది. సరిగ్గా వారానికి నేను చెత్త సంచీ తొడుక్కుని కూర్చోవలసి వచ్చింది. ఆ ఘనకార్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఐదేళ్ళ కిందటి సంగతి. లండన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. రాణిగారి లండన్ అనుకునేరు, ఇది కెనడాలో ఉన్నది. చదువులకని మన పిల్లలు వందలుగా వచ్చి దిగుతున్న రోజులవి. ఏ బేస్‌మెంట్ కిటికీ దగ్గర నిలబడ్డా ఇంగువ తాలింపు వాసనే. మా ఇంటి కింది బేస్‌మెంట్ వాటాలో ముగ్గురు ఆడపిల్లలు ఉండేవారు. వాళ్ళలో కరీంనగర్ సింధు శని, ఆదివారాలు గ్రౌండులో తినుబండారాల కౌంటర్లో పనిచేసేది. పెద్దవాళ్ళకు టికెట్ అక్కర్లేదని చెప్పి నన్ను మొదట తీసుకెళ్ళింది ఆ పిల్లే. టికెట్ లేదంటే నేను ఎక్కడికైనా వెళ్తాను.

ఆట నాలుగు వారాల్లో ఒంటబట్టింది. చిన్నప్పుడు బిళ్ళంగోడులో మగపిల్లలను ఏడిపించినదాన్ని, నాకు ఇదొక లెక్కా? "ఒరేయ్, అన్నం తినే వచ్చావా? పరుగెత్తు!" అని నేను తెలుగులో కేకేస్తే ఆ బంగారు జుట్టు కుర్రాళ్ళు నిజంగానే పరుగెత్తేవారు. బంతి విసిరే మా పిచ్చర్‌కు మోచేయి నొప్పి అని తెలిసి, ఆముదం రాసి కాపడం పెట్టుకోమని సింధుతో కబురు కూడా పంపాను. రాసుకున్నాడో లేదో ఆ తండ్రి.

నేను వెళ్ళినప్పుడల్లా జట్టు గెలిచేది. దాంతో "అమ్మమ్మ పాదం మంచిది" అని పిల్లలకు గురి కుదిరింది. ఇంటర్వ్యూకు వెళ్ళాలన్నా, డ్రైవింగ్ టెస్టుకు వెళ్ళాలన్నా నేను ఎదురు రావలసిందే. తెల్లవారుజాము చలికి వణుకుతూ నీళ్ళచెంబుతో వాకిట్లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో!

ఆగస్టులో గ్రౌండులోకి రాజ్యలక్ష్మి గారు దిగింది. రెండు వీధుల అవతల ఇల్లు. కెనడాలో నలభై ఏళ్ళు డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, కింద వేసుకోవడానికి మడత పెట్టే మెత్త. పక్కవాళ్ళతో ఇంగ్లీషులో జోకులు. ఆవిడ వచ్చిన మొదటి రోజే ఓడిపోతున్న మ్యాచ్ మావాళ్ళు గెలిచారు. రెండో రోజూ అంతే. ఇక చూడండి, పిల్లలు నా గుమ్మం ముందునుంచే నడిచి వెళ్ళి ఆవిడ చేత ఎదురు రప్పించుకోవడం మొదలుపెట్టారు. పైగా ఆవిడ 'ఆంటీ', నేను 'అమ్మమ్మ'! నాకంటే రెండేళ్ళు పెద్దది. కడుపు మండదా మరి?

ఇక ఆఖరి లీగ్ మ్యాచ్ వచ్చింది. గెలిస్తే ప్లేఆఫ్స్, ఓడితే ఇంటికి. ఆ రోజు రాజ్యలక్ష్మి గారు లేకుండా, నేనొక్కదాన్నే కూర్చుని జట్టును గెలిపిస్తే నా పదవి నాకు తిరిగి వస్తుందని లెక్క వేశాను.

శుక్రవారం సింధు హడావుడిగా బయలుదేరుతూ, "అమ్మమ్మా, రేపు ఒంటిగంటకు మ్యాచ్. రాజ్యలక్ష్మి ఆంటీకి జర ఫోన్ చేసి చెప్పవా? నాకు పొద్దుగాల్నుంచే షిఫ్టు" అంది.

"ఎందుకు చెప్పను తల్లీ" అన్నాను. చెప్పాను కూడా.

"మ్యాచ్ ఆదివారానికి మార్చారండీ. పొద్దున పదింటికట."

"అవునా? ఎందుకు మార్చారు?"

కారణం సిద్ధం చేసుకోలేదు. కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరిసిపోతోంది.

"వాన పడుతుందట" అన్నాను.

"థాంక్సండీ వదినగారూ. మీరు చెప్పకపోతే వెళ్ళి తడిసేదాన్ని."

శనివారం గంట ముందే వెళ్ళాను. నా చోట నేను, ఆవిడ చోట నా ఉడకబెట్టిన వేరుశనక్కాయల డబ్బా. మొదటి ఇన్నింగ్స్‌లోనే మావాళ్ళు ఒక పరుగు చేశారు. ఆ పరుగు ఎవరి ఖాతాదో వేరే చెప్పాలా? రెండో ఇన్నింగ్స్‌లో నెత్తి మీద ఒక చుక్క పడింది. చేత్తో తుడిచేశాను. మరో రెండు నిమిషాలకు తుడవడానికి చెయ్యి చాలలేదు.

జనమంతా కప్పు కిందికి పరుగెత్తారు. నేను కదల్లేదు. నేను లేస్తే జట్టు ఓడదూ? కౌంటర్లో రెయిన్‌కోట్లు అమ్ముతున్నారు, కానీ ఒక్కపూట వానకు కోటు కొనే మనిషినా నేను? సింధు ఒక నల్ల చెత్త సంచీకి బొక్క పెట్టి తెచ్చి నా నెత్తిన తొడిగింది. మైకులో ఏదో చెప్పారు. నాకు 'థాంక్యూ' ఒక్కటే అర్థమైంది. గంటన్నర అలాగే కూర్చున్నాను, పారవేయడం మరిచిపోయిన సామానులా.

"అమ్మమ్మా, లే! మ్యాచ్ బందైంది" అంటూ మళ్ళీ వచ్చింది సింధు.

"మనవాళ్ళు ఒక పరుగు ముందున్నారుగా? గెలిచినట్టేగా?"

"కాదు, ఐదు ఇన్నింగ్స్ అయితెనే లెక్క, మనయి రెండు గూడ కాలే. మళ్ళ మొదట్నుంచి ఆడతరు."

"ఎప్పుడు?"

"రేపు పొద్దున. పదింటికి."

సంచీలో ఉన్నది నేనో, మంచు దిమ్మో నాకే తెలియలేదు.

"రాజ్యలక్ష్మి ఆంటీ రాలేదేంది?"

"తెలివైన మనిషి" అన్నాను.

ఇంటికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మ్యాచ్ మళ్ళీ శనివారానికే మార్చారని చెబుదామంటే, శనివారం అయిపోయింది.

తెల్లవారేసరికి నూట రెండు జ్వరం, గొంతు పూర్తిగా పోయింది. "మంచం దిగితే ఊరుకోను" అని మా అమ్మాయి కూతురిలా కాకుండా అత్తగారిలా చెప్పింది. పన్నెండు కొట్టాక సింధు వీడియో కాల్ చేసింది. తెరనిండా తెల్ల టోపీ. నా చోట్లో, మెత్త వేసుకుని, రాజ్యలక్ష్మి గారు.

"గెలిచాం వదినగారూ! ఏడు పరుగులు! ప్లేఆఫ్స్‌కు వెళ్ళాం! అసలు మీ నోటి చలవ. మ్యాచ్ ఆదివారమని, వాన పడుతుందని శుక్రవారమే చెప్పారుగా!"

ఆవిడ అమాయకంగా అన్నదో, అన్నీ తెలిసే అన్నదో ఆ నల్ల కళ్ళద్దాల వెనక నాకు కనిపించలేదు. పక్కనుంచి సింధు ముఖం మెల్లగా తెరలోకి వచ్చింది.

"శుక్రవారమే నీకెట్ల తెల్సింది అమ్మమ్మా?"

గొంతు పోయినందుకు దేవుడికి దండం పెట్టుకుని, దగ్గు నటించబోతే నిజం దగ్గే వచ్చింది. మూడు దుప్పట్ల కింద, థర్మామీటరు సాక్షిగా అప్పుడే ఒట్టు వేసుకున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు మ్యాచ్ విషయంలో ఎవరికీ అబద్ధం చెప్పను. చెప్పక తప్పకపోతే, ముందు వాతావరణ వార్తలు విని మరీ చెబుతాను.