సోమోయె మోచేతి నరం

లిండి పట్నం అవతల ఉన్న కుష్ఠు ఆసుపత్రిలో సోమోయె ఇరవై రెండేళ్లుగా నర్సు. రోగి చెయ్యి మడిచి, మోచేతి ఎముక వెనక వేలు పెట్టి, జబ్బుకి నరం ఎంత లావెక్కిందో చెప్పడం ఆమె పని. సాయంత్రం ఇంట్లో ఉగాలి సంకటి కెలుకుతున్నా వేళ్లు ఇంకా నరాలనే వెతుకుతున్నట్టు ఉండేది.

వానలు వెనకబట్టిన ఏడు దార్ ఎస్ సలాం నుంచి ఎలియపెందా అనే డాక్టరమ్మ కొత్త స్కానింగు మిషన్ తెచ్చింది. పాతదానిలో నరం అడ్డంగా కోసిన ముక్కలా కనిపించేది. ఇది అలాంటి ముక్కలన్నీ వరసగా పేర్చి, నరాన్ని నిండు బొమ్మగా కట్టి, అన్ని వైపులా తిప్పి చూపిస్తుంది.

రోగులు దగ్గరికి రాలేదు. చేపలు పట్టే ముసలి చిలుంబా అన్నాడు, "ముందు మీ నర్సమ్మ చెయ్యి చూడండి. అది కాలకపోతే నాదిస్తా."

అందరూ నవ్వారు. సోమోయె కుడి చెయ్యి చాపింది.

"ఎడమదీ ఇవ్వక్కా. రెండూ పక్కపక్కన చూపిద్దాం," అంది డాక్టరమ్మ.

"ఒకటి చాల్లే తల్లీ, అవతల పనుంది."

"మాకైతే రెండూ పిసుకుతావుగా!" అన్నాడు చిలుంబా.

ఇక తప్పలేదు. తెర మీద ఎడమ నరం మోచేతి దగ్గర మామూలుగానే ఉంది. అక్కడికి నాలుగు వేళ్ల ఎత్తున, కండ చాటున, కసావా దుంపలా ఉబ్బింది. డాక్టరమ్మ రోగుల్ని బయటికి పంపేసింది.

"చిటికెన వేలు మొద్దుబారిందా అక్కా?"

"అయిదు నెలలైంది. ఉంగరపు వేలు కూడా. పోయిన వారం వేడి గిన్నె మూత తగిలి వేలు కాలింది. వాసనొచ్చాక తెలిసింది."

"ఎందుకు చెప్పలేదు?"

"రోజూ తడుముకున్నా. ఏమీ తగల్లేదు. తగల్లేదు గనక లేదనుకున్నా." చెయ్యి వెనక్కి తీసుకుంటూ, "అనుకోవాలనుకున్నా," అంది.

చర్మ పరీక్ష కుష్ఠేనన్న అనుమానాన్ని ఖాయం చేసింది. తను పక్కలు సర్దిన వార్డులోనే సోమోయె పడుకుంది. భయం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. మర్నాడు చిలుంబా వచ్చి తల వంచుకు నిలబడ్డాడు.

"నా నోరు పడిపోనూ."

"అది లేకపోతే నా చెయ్యి పడిపోయేది తాతా. వెళ్లు, నీదీ చూపించుకో."

వెళ్లాడు. అతని వెనక మిగతావాళ్లూ వెళ్లారు.

వాపు తగ్గే మందు అయిదు నెలలు, కుష్ఠు బిళ్లలు ఏడాది. మందుకి మొహం ఉబ్బి, నిద్ర పట్టేది కాదు. ఇంటికొచ్చాక చెల్లెలు ఆమె కంచం వేరే పెట్టింది. కొన్నాళ్లకు మాట్లాడకుండానే మళ్లీ అందరి కంచాల్లో కలిపేసింది. రెండోసారి స్కాన్ చేస్తే ఉబ్బు సగానికి దిగింది. ఉంగరపు వేలికి స్పర్శ వచ్చింది. చిటికెన వేలికి రాలేదు.

ఇప్పుడామె మళ్లీ పనిలో ఉంది. చేత్తో చూశాక ప్రతి ఒక్కరినీ మిషన్ గదికి పంపుతుంది. మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి లాగుతుంది. అప్పుడు కుర్చీ వరండాలోకి లాక్కుని, ఎవరైనా పిలిచేదాకా కూర్చుంటుంది.