బాపయ్యగారి ఐదో పంట

మా గుంటూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే బాపయ్యగారికి బదిలీ ఆర్డరు వస్తే, సామాను సర్దుకోకుండా ముందు ప్రత్తిపాడు బస్సెక్కేవారు. అక్కడ పానకాలు అనే రైతు చేలో ఆయన మిరపమొక్కలుండేవి.

ఆ రోజుల్లో ఆకుముడత వచ్చి మిరపచేలు ఎందుకూ పనికిరాకుండా పోయేవి. 1957లో పానకాలు చేలో మూడు మొక్కలు మాత్రం ముడుచుకోకుండా నిలబడ్డాయి. వాటి గింజ వేసి, అందులో నిలిచినవాటి గింజ మళ్లీ వేసి, అలా అదే నల్లరేగడిలో అయిదు పంటలు స్వయంగా చూస్తేగాని ఆ గుణం నిలిచేదో కాదో తేలదు. తేలితే ఆయనకు డాక్టరేటు, పానకాలుకు ముడతలేని పంట.

నేను చరిత్రవాణ్ణి. ఏ ఊరు వేసినా అక్కడో శాసనం దొరికేది, ఓ వ్యాసం అచ్చయ్యేది. నాలుగు బదిలీలకు ఆరు వ్యాసాలు. పండితుడన్నాక ఊళ్లు తిరగాలని ఓసారి ఆయన ముందే గొప్పలు పోయాను. ఆయన వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, "మీ రాళ్లు మీకోసం కూర్చుంటాయండీ. నా మొక్కలు కూర్చోవు" అన్నారు.

అన్నట్టే, రెండో పంట చేలో ఉండగా ఆయన్ని ఆదోని వేశారు. సెలవులకు వచ్చేసరికి కాయంతా కల్లంలో కలిసిపోయింది. గుంటూరు తిరిగొచ్చాక దాచిన పాత గింజతో రెండో పంట మళ్లీ మొదలుపెట్టారు. మూడు, నాలుగు గట్టెక్కాయి. 1964లో అయిదో పంట పూతమీదుండగా అనంతపురం వేశారు.

వెళ్లేముందు పద్దెనిమిది మొక్కలకు పసుపు గుడ్డపీలికలు కట్టి, వీటి కాయ ఒక్కటి కూడా వేరేవాటిలో కలవకూడదనీ, మొత్తం తనకే అందాలనీ పానకాలుకు ఒకటికి పదిసార్లు చెప్పారు. పానకాలు భార్య సుబ్బరావమ్మ కూడా శ్రద్ధగా విన్నది.

ఫిబ్రవరిలో పరీక్షల పనిమీద నేను అనంతపురం బయల్దేరితే, పానకాలు గుంటూరు స్టేషనుకొచ్చి నా చేతికో జాడీ ఇచ్చాడు.

"ఆ మొక్కల కాయేనండీ. ఒక్కటి బయటికి పోలేదు. మేష్టారికి అక్కడ మన కారం దొరకదని మా ఆడది తనే కోసి, తనే కొత్త చింతపండేసి దంచింది."

అంత చదువుకున్నవాణ్ణి, నాకు నోరూరిందే తప్ప మరో ఆలోచన రాలేదు.

అనంతపురంలో బాపయ్యగారు గింజలకోసం పద్దెనిమిది కవర్లు అంటించి, నంబర్లు వేసి ఉంచారు. జాడీ మూత తీసి చూశారు. తర్వాత ఆ పచ్చడి గరిటెడు గరిటెడు నీళ్లలో కడిగి, నలగని గింజలు ఏరి తడిగుడ్డలో కట్టారు. పదిహేను రోజులు చూశారట. ఉప్పులో ఊరిన గింజ, ఒక్కటీ మొలకెత్తలేదు.

"ఆవిడకి చెప్పకండి" అని ఒక్కమాట అన్నారు. కారం అమృతంలా ఉందని ఉత్తరం రాశారు. దాంతో సుబ్బరావమ్మ ఏటా ఓ జాడీ పంపడం మొదలుపెట్టింది.

నాలుగో పంట గింజ కొంత ఆయన దగ్గరే ఉంది. వేయడానికి ప్రత్తిపాడు చేను కావాలి, పైవాళ్లేమో అనంతపురం నుంచి శ్రీకాకుళం వేశారు. 1969లో గుంటూరు తిరిగొచ్చేసరికి గింజ చచ్చిపోయింది. పానకాలు ముడతతో విసిగి, ఇంటికని నాలుగు సాళ్లు మిరప ఉంచుకుని, మిగతా చేనంతా పత్తి వేశాడు.

ఆ ఏడాదే బాపయ్యగారు రిటైరయ్యారు. పాత కాగితాలు పంచిపెడుతూ ఆ నోటుబుక్కు నాకిచ్చారు. నాలుగు పంటలకూ పేజీల నిండా అంకెలు. అయిదో పంట దగ్గర ఒకే ఒక్క మాట: "కాయ మొత్తం అందింది."

అదీ నిజం కాదు. దారిలో పెరుగన్నంలోకి ఆ జాడీలోంచి నాలుగు వేళ్ల మందం నేను తిన్నాను. ఆ సంగతి ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.