ట్రయల్ ఫోటోలు

స్టూడియోలో అందరూ ఆయన్ని 'నల్లతెర' అంటారు. మిగతావాళ్ళు మౌసు పట్టుకుని ఫోల్డర్లు తెరుస్తూ మూస్తూ తంటాలు పడుతుంటే, ఆయన కంప్యూటర్లో నల్లటి తెర మీద ఒక్క లైను ఆదేశం కొట్టి, ఏనాటి పెళ్ళి ఫోటోనైనా పాతాళంలోంచి లాక్కొచ్చేవాడు. అంతటి ఘనుడు, భార్య పోయినప్పటి నుంచి నిమ్మకు నీరెత్తినట్టు ఉంటున్నాడు. ఏడుపూ రాదు, ఆకలీ వేయదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతాయి.

ఆ రోజు కూతురు స్టూడియోకే వచ్చింది.

"నాన్నా, అమ్మది ఒక్క మంచి ఫోటో కావాలి. ఇంట్లో ఉన్నవాటిల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకే నిలబడి ఉంది. మొహమే సరిగ్గా కనబడదు."

"అదెంత భాగ్యం, కూర్చో" అన్నాడు.

భార్య పేరు కొట్టి వెతికాడు. ఏమీ రాలేదు. పేరు పెడితే గదా రావడానికి! ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా "ఓ నిమిషం అలా కూర్చోవే, లైటు చూసుకుంటా" అనేవాడు. "నా మొహం మీ లైట్లకే గానీ ఇంకెందుకూ పనికిరాదా?" అని దెప్పుతూనే ఆవిడ నవ్వేది. ఆ నవ్వు తీసి, లైటు కోసం తీసిన మిగతావాటిలాగే ఆ ఫైలుకూ 'ట్రయల్' అని పేరు పెట్టేవాడు. కస్టమర్లకైతే పేర్లు గానీ, ఇంటి మనిషికి పేరెందుకనుకున్నాడు మహానుభావుడు!

'ట్రయల్' అని కొట్టి, కంప్యూటరంతా గాలించమన్నాడు. ఒక్క ఫైలూ రాలేదు.

అనుమానం వచ్చి, తను ఇదివరకు కొట్టిన లైన్లన్నీ తేదీలతో సహా పైకి రప్పించాడు. ఒకదాని దగ్గర కళ్ళు ఆగాయి. ట్రయల్ అన్న ప్రతి ఫైలునూ వెతికి, మళ్ళీ అడక్కుండా తుడిచేయమన్న లైను అది. మామూలుగా అయితే ముందు వెతికి, చూసుకుని, ఆవిడవి వదిలేసి మిగతావే తీసేవాడు. ఆ రోజు చూడలేదు. ఇంకో కాపీ ఉందా అంటే, ట్రయల్ ఫోటోలకు కాపీ ఎవడు దాస్తాడు? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం.

"దొరికిందా నాన్నా?"

"లేదమ్మా. నేనే తుడిచేశాను."

"ఎప్పుడు?"

"అమ్మ పోయాక, మళ్ళీ పనిలోకొచ్చిన రోజు. డిస్కు నిండిందన్నారు."

కూతురు ఆయన మొహంలోకి చూసింది. "తుడిచేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

"లేదమ్మా. ఇప్పుడూ ఏమీ అనిపించట్లేదు" అన్నాడు ఆయన. "నాకేదో అయిందే తల్లీ. నన్ను ఇంటికి తీసుకెళ్ళు."