ఖాదర్ తాత వంకర వేళ్లు

తొమ్మిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో, ఆలేరులో వికెట్ల వెనక నిలబడి కార్క్ బంతి పట్టబోతే నా చిటికెన వేలు విరిగింది. నిన్న ఎవరికో గుడ్డు సొన, మినప్పిండి కలిపి కట్టు కడుతుంటే ఆ వాసనకు గుర్తొచ్చింది, అప్పుడు నా వేలికీ అదే కట్టు. మన ఈడు వాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు.

"ఇగ బాలు ముట్టినవో, సంపుత" అంది అవ్వ. నేనేమో మళ్లీ కీపర్‌గానే నిలబడాలనుకున్నాను.

పక్కింటి ఖాదర్ తాత చూడటానికి వచ్చాడు. నిజాం కాలంలో ఆయన రైల్వే జట్టుకు కీపర్. అప్పటి పలుచని గ్లవ్స్‌తో ఆడి ఆడి, వేళ్లలో ఒక్కటీ తిన్నగా లేదు.

"నీ చేతులు సూసినంక గూడ పోరణ్ని పంపమంటవా?" అవ్వ దెప్పింది.

"గీ చేతులతోనే కొలువు చేసిన, పిల్లలను సాదిన. ఏం తక్కువైందక్కా?" అని నవ్వి, నా వైపు తిరిగాడు. "ఏళ్లు బాలుకు ఎదురుపెట్టినవ్, గందుకే ఇరిగింది. నేల దిక్కు పెట్టాలె బిడ్డా."

కట్టు విప్పాక రోజూ పొద్దున తాత బంతి విసిరేవాడు. నేను వేళ్లు కిందికి పెట్టి పట్టేవాణ్ని. అవ్వ గడపలో కూర్చుని చూసేది. ఒకరోజు పాత బొంత కత్తిరించి కుట్టిన గ్లవ్స్ నా ముందు పడేసింది.

"ఆదివారం మోత్కూరోళ్లు ఆటకొస్తున్నరట. గియ్యి తొడుక్కోని నిలవడు."