ఆరు బుట్టల అప్ప

రెండు వారాల కిందట, పొద్దున్నే కాఫీ షెడ్డులో పల్పర్‌కి నీళ్ళు పెడుతుంటే కబురొచ్చింది, అప్ప పోయిందని. కబురు తెచ్చింది ఆవిడ కోడలే. షెడ్డు గుమ్మంలో నిలబడి, "గంజి తాగి మళ్ళీ పడుకుందక్కా. లెగనేదు" అంది. లోయంతా మంచు, ఎదురుగా కొండ ఉందో లేదో తెలియడం లేదు. ఎండెక్కి మంచు విడిపోతే ఆ మాట కూడా విడిపోతుందనీ, అప్ప తలమీద బుట్టతో దిగి వస్తుందనీ ఎందుకో గట్టిగా అనిపించింది. పది గంటలకి ఎండొచ్చింది, కొండ కనిపించింది, దారి ఖాళీగా ఉంది.

అప్ప మా కాఫీ యూనిట్ మేస్త్రి. ఇక్కడ అప్ప అంటే అక్క. వయసుతో పని లేకుండా అందరికీ ఆవిడ అప్పే. యూనిట్ అంటే పెద్దగా ఊహించుకోకండి. అరకు లోయలో వాగు పక్కన ఒక రేకుల షెడ్డు, కాఫీ పండు తొక్క తీసే పల్పర్ ఒకటి, పైన కొండవాలులో పన్నెండు కుటుంబాల తోటలు. నేను విశాఖలో ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్ టీములతో పనిచేసి, ఆ పద్ధతులన్నీ బ్యాగులో పెట్టుకుని దిగాను. మొదటి వారమే షెడ్డు గోడ మీద మూడు గడులు గీసి, చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి అని రంగు కాగితాలు అతికించాను. తెల్లారేసరికి మంచుకి తడిసి అన్నీ నేలపాలయ్యాయి. అప్ప వాటిని ఏరి, ఎండలో ఆరబెట్టి, జాగ్రత్తగా నా చేతికిచ్చింది.

"ఏటే గుంటా, పని గోడకి అంటిత్తావేటి? బుట్టని సూడు, సాలు."

గుంట అంటే ఆడపిల్ల అని వెంటనే తెలిసింది గానీ, ఆ బుట్టల సంగతి అర్థం కావడానికి నాకు ఒక సీజను పట్టింది. యూనిట్‌కి ఆరు వెదురు బుట్టలే. నిండిన బుట్ట కిందికి దిగుతుంది, పల్పర్ దగ్గర ఖాళీ అవుతుంది, మళ్ళీ పైకెక్కుతుంది. ఖాళీ బుట్ట చేరితేనే కోత. చేరకపోతే పైనవాళ్ళు కలుపు తీస్తారు, మిరియాల తీగలు కడతారు, కబుర్లాడుకుంటారు. పండు మాత్రం ముట్టరు. "కొమ్మ మీద పండు ఆగుతాది, కోసింది ఆగదు" అనేది. పనిని వెనక నుంచి తోయకూడదని, ముందు చోటు ఖాళీ అయితేనే లాక్కోవాలని నేను ఎన్ని శిక్షణల్లో ఎన్ని స్లైడ్లు చూపించానో! ఆవిడ ఒక్క స్లైడూ చూడలేదు.

పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడే అలవాటు మాత్రం నేను తెచ్చిందే. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ అడ్డుపడింది అని మూడు ప్రశ్నలు. అప్ప వారం రోజులు ఓపిగ్గా విని, మొదటి రెండూ తీసేసింది. "సేసింది అందరికీ కనబడతాది. సేసేది బుట్ట సెప్తాది. ఎక్కడ ఆగిపోనావో, అదొక్కటి అడుగు." అప్పటినుంచి ఆ ఒక్క ప్రశ్నే. నోట్లోని చుట్ట తీసి పట్టుకుని, ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ అడిగేది. తొందరపెట్టేది కాదు. కొందరికి జవాబు వచ్చేలోపు మా చుట్టూ మంచు పల్చబడి, చెట్లు ఒక్కొక్కటే బయటపడేవి.

ఒక ఏడు పండు విరగకాసింది. నాకు ఆశ పుట్టింది. బుట్టలు చాలవని గోనెసంచులు తెప్పించి, బేగి కోసేయమని పైకి పంపాను. సాయంత్రానికి షెడ్డు నిండా సంచులే. పల్పర్‌ది ఎప్పటి వేగమే కదా. మర్నాడు పొద్దున అప్ప నా చెయ్యి పట్టుకుని ఒక సంచిలోకి దూర్చింది. లోపల జ్వరమొచ్చిన పిల్ల ఒంటిలా కాలుతోంది. పులిసిన వాసన. పన్నెండు కుటుంబాల పండు నా మూలంగా పాడైంది. ఆ పొద్దున అందరి మధ్యా నిలబడే బదులు బట్టలు సర్దుకుని బస్సెక్కేద్దామనుకున్నాను, నిజం చెప్తున్నాను.

గుండ్రంగా నిలబడ్డాక అప్ప నన్నే అడుగుతుందనుకున్నాను. కానీ ముందు తనే చెప్పింది. "సంచులు దిగినపుడే నాకు తెలుసు. సదువుకున్న గుంట కదా అని నోరు మూసుకున్నాను. నేనక్కడ ఆగిపోనాను." అప్పుడు నా వైపు తిరిగి, "ఇంక నువ్వు సెప్పు" అంది. ఏడుస్తూనే చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఆ పండంతా కలిసి ఎరువు గుంతకి మోశాం. నేనింకా ఇక్కడే ఎందుకున్నానని అడిగేవాళ్ళకి ఆ ఉదయమే నా జవాబు.

అప్పని సాగనంపాక రెండు రోజులు పని ఆగింది. మూడోనాడు కోతవాళ్ళు కొందరు పైన తోటల్లోనే ఆగారు, మిగతావాళ్ళం గుండ్రంగా నిలబడ్డాం, ఆవిడ చోటు వదిలేసి. అడిగేవాళ్ళు లేరు. ఆరు బుట్టలూ పల్పర్ పక్కన ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన అప్పది, అంచుకి ఎర్రగుడ్డ కట్టింది. అది తీస్తేగానీ మిగతావి కదలవు. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పైన తోటల్లో పండు ముదిరి రాలుతోంది. కోడలు నా ముఖంలోకి చూసింది.

"ఎక్కడ ఆగిపోనావక్కా?"

"ఆ బుట్ట దగ్గర."

"నేనూ అక్కడే" అంది.

ఎర్రగుడ్డ బుట్ట తీసి తలమీద పెట్టుకున్నాను. నా వెనక కోడలు ఇంకొకటి తీసుకుంది. మంచులో నా పాదాలు నాకే కనబడలేదు. ఎక్కుతూ ఉన్నాం. పైనెక్కడి నుంచో ఒక గొంతు, "అప్ప బుట్టొచ్చింది!" అని కేకేసింది. తర్వాత మంచు వెనక, ఒక్కొక్కటిగా, కాఫీ కొమ్మలు కదిలిన చప్పుడు.