కాటా మీద మామయ్య

“అన్నా, ఒక్క క్షణం మామయ్య చెయ్యి వదులు. అంకె నిలబడాలి!” అని కాటా వేసే అతనితో అరిచాను.

కల్లంలో మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, తూచే కాటా అది. తాలుకాయలు ఏరే ఆడవాళ్లందరూ చేతులాపి చూస్తున్నారు. మామయ్యకు పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్లయింది. ఆయన వణుకుతుంటే కాటా మీద అంకె కూడా వణికింది. చివరికి యాభై రెండు కిలోల దగ్గర ఆగింది.

“చూశారా పెద్దమ్మా! పదిహేను రోజులు మీరే వండి పెట్టండి. మళ్లీ ఇదే కాటా మీద తూద్దాం.”

పెద్దమ్మ అంటే మామయ్యకు అక్క. తమ్ముణ్ణి చూడ్డానికి వేటపాలెం నుంచి వచ్చి, కల్లంలో అడుగుపెడుతూనే నన్ను దులిపేసింది. “పుల్లలాగా అయిపోయాడే నా తమ్ముడు! కోడలుపిల్ల మాత్రం నిగనిగలాడుతోంది. వాడి కంచంలోది ఎవరు తింటున్నారో మరి?”

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మామకు తిండి పెట్టని కోడలని ఒకసారి పేరు పడితే మా ఊళ్లో అది జన్మలో పోదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మూడు పూటలా ముద్దలు కలిపి పెట్టేదాన్ని. తినేవారు, అయినా చిక్కిపోయేవారు. గుంటూరులో డాక్టరు గారు విడమరిచి చెప్పారు. “ఇది మెదడుతో ఆగే జబ్బు కాదమ్మా. పేగులు మందగిస్తాయి. వణుకుతో, బిగుసుకుపోవడంతో కూర్చున్నచోటే ఒళ్లు అరిగిపోతుంది. మాత్ర మాత్రం తిండికి అరగంట ముందు, మంచినీళ్లతోనే వెయ్యి. పాలు, గుడ్లు, పప్పుతో కలిపి వేస్తే సరిగా పనిచెయ్యదు.”

ఆ చివరి మాట పెద్దమ్మకు చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మర్నాటి నుంచి పెద్దమ్మ చేత్తో గ్లాసుడు గేదెపాలతో మాత్ర, వెంటనే రెండు గుడ్లు. మధ్యాహ్నం మాత్ర ముద్దపప్పులో పెట్టి మింగించేది. నేను కాలు మీద కాలేసుకుని సీరియల్ చూశాను. నాలుగో రోజుకు మామయ్య మంచం దిగలేకపోయారు. ఆరో రోజు ముద్ద నోట్లోనే ఉండిపోయింది. “మింగరా నాయనా, మింగు” అని పెద్దమ్మ బతిమాలుతుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను. హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

పదిహేను రోజులు ఆగలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం మామయ్యను కుర్చీతో సహా కాటా ఎక్కించి, కుర్చీ బరువు తీసేస్తే యాభై.

“నేనేం తక్కువ చేశానే?” అని పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“ఆయన కంచంలోది మీరు గానీ తింటున్నారేమో చూసుకోండి పెద్దమ్మా” అన్నాను, అందరికీ వినపడేలా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మామయ్య నా వంకే చూస్తున్నారు. ముఖం బిగుసుకుపోయి ఉంది. తిట్టాలనుకున్నా పెదవి కదిలేలా లేదు. నేను చూపు తిప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మాత్ర మంచినీళ్లతో నేనే వేసి, ఆయన వేళ్లు కాస్త వదులయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. ఇడ్లీ తినిపించాను. తర్వాత చెయ్యి కడుక్కుని, వేటపాలెంలో ఉన్న పెద్దమ్మ కోడలికి ఫోన్ చేసి, పెద్దమ్మకు వినపడేలా స్పీకర్ పెట్టి, ఆ రెండు అంకెలూ చెప్పాను. మాత్ర సంగతి చెప్పలేదు.